పది సెంటీమీటర్ల ఉపగ్రహం చుట్టూ ఒక సెమిస్టరు

ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం విద్యార్థులకు చిన్న ఉపగ్రహాల రూపకల్పన అనే ఐచ్ఛిక విషయాన్ని కొంతకాలంగా బోధిస్తున్నాను. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్, సీఎస్‌ఈ శాఖల విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చుని, ఆరు జట్లుగా విడిపోయి, సెమిస్టరు ముగిసేలోగా ఒకే ఒక్క ఉపగ్రహాన్ని కాగితం మీద పూర్తిగా రూపొందించాలి. దానిలో కనీసం రెండు భాగాలను ప్రయోగశాల బల్ల మీద పనిచేయించి చూపాలి. ఉపగ్రహం అనగానే తల్లిదండ్రులే కాదు, కొందరు సహోద్యోగులు కూడా “మన కళాశాలలో ఉపగ్రహం ఏమిటి, దాన్ని ఎవరు ప్రయోగిస్తారు” అని అడుగుతుంటారు. అది సహేతుకమైన ప్రశ్నే కనుక దానికి వివరంగా జవాబు చెప్పాలని ఈ టపా రాస్తున్నాను. ఈ కోర్సు నేర్పే అసలు విద్య నా దృష్టిలో ఒకటే: తన పని మరొకరి పనితో ఎక్కడ, ఎలా కలుస్తుందో ముందుగానే తేల్చుకుని, ఎదుటివారు మళ్లీ వచ్చి అడగాల్సిన అవసరం లేకుండా రాసి ఇవ్వడం. నాలుగేళ్ల బీటెక్‌లో దీన్ని ఇంత గట్టిగా నేర్పే చోటు మరొకటి నాకు కనిపించలేదు.

ఈ చిన్న ఉపగ్రహాల పుట్టిల్లు కూడా తరగతి గదే. 1999లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బాబ్ ట్విగ్స్, కాలిఫోర్నియా పాలిటెక్నిక్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డి ప్యూగ్ సువారి కలిసి క్యూబ్‌శాట్ ప్రమాణాన్ని ప్రతిపాదించారు. అంతకు ముందు స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థులు కట్టిన ఉపగ్రహాలు పూర్తి కావడానికి ఏళ్లు పట్టేవి. మొదలుపెట్టినవారు పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాక, మిగిలిన పనిని తరువాత వచ్చినవారు నెత్తికెత్తుకోవలసి వచ్చేది. చదువుకునే కాలంలోనే మొదలుపెట్టి ముగించగలిగేంత చిన్న ఉపగ్రహం ఎంత ఉండాలి అన్న ఆలోచనలో ఉన్న ట్విగ్స్, బీనీ బేబీలనే బొమ్మలను పెట్టి అమ్మే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెను చూసి, ఆ పరిమాణం సరిపోతుందని అనుకున్నారు. అలా ఒక్కో పక్క 10 సెంటీమీటర్లు, బరువు 1 కిలోగ్రాముకు మించరాదు అన్న కొలత స్థిరపడింది. తరువాత ఆ పరిమితి 1.33 కిలోగ్రాములకు, ఇటీవలి ప్రమాణంలో 2 కిలోగ్రాములకు పెరిగింది.

ఆ పెట్టె కొలత కంటే, దాన్ని కక్ష్యలోకి వదిలే యంత్రమే ఈ కథలో ముఖ్యమని నేను విద్యార్థులకు చెబుతాను. స్ప్రింగు, తలుపు ఉన్న ఒక లోహపు గొట్టంలో ఈ ఘనాలను వరుసగా పేర్చి, ఆ గొట్టాన్ని రాకెట్టుకు బిగిస్తారు. ఉపగ్రహం నాలుగు అంచుల్లో ఉండే పట్టాలు ఆ గొట్టంలో జారేందుకు సరిపోతే చాలు, లోపలి విద్యుత్ వలయాలు (సర్క్యూట్లు) ఎవరు ఎలా కట్టారన్న బెంగ రాకెట్టు వారికి చాలావరకు తగ్గుతుంది. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు బృందాల మధ్య, పట్టా వెడల్పు ఎంత, ఉపరితలం ఎలా ఉండాలి, కక్ష్యలోకి విడిపోయాక ఎంతసేపు మౌనంగా ఉండాలి అని రాసిన ఒప్పందమే క్యూబ్‌శాట్ ప్రమాణం. ప్రపంచవ్యాప్తంగా వందలాది విశ్వవిద్యాలయాలకు అంతరిక్షపు తలుపు తెరిచింది ఆ కొద్ది పుటల పత్రమే.

2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి రాకాట్ అనే రాకెట్టు మీద తొలి క్యూబ్‌శాట్‌లు వెళ్లాయి. టోక్యో విశ్వవిద్యాలయం వారి ఎక్స్‌ఐ-4, టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారి క్యూట్-1 చక్కగా పలికాయి. ఎక్స్‌ఐ-4 అయితే పదిహేనేళ్లు దాటాక కూడా సంకేతాలు పంపుతూనే ఉంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం, టొరంటో విశ్వవిద్యాలయం పంపినవి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. డెన్మార్క్‌లోనే ఉన్న ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయపు ఉపగ్రహం సంకేతం మరీ బలహీనంగా వినిపించింది. ఆల్‌బోర్గ్ 1974లో స్థాపించిన నాటి నుంచి జట్టుగా ఒక ప్రాజెక్టు చేస్తూ నేర్చుకోవడమే బోధన పద్ధతిగా పెట్టుకున్న విశ్వవిద్యాలయం. అక్కడి విద్యార్థులు తొలి ఉపగ్రహంతో ఆగకుండా మళ్లీ కట్టారు. రెండవది 2008లో, మూడవది 2013లో కక్ష్యకు చేరాయి. ఓడలు పంపే గుర్తింపు సంకేతాలను ఆకాశం నుంచి పట్టుకోవడం మూడవదాని పని. దాని బరువు కిలోగ్రాము లోపే.

ఆ రెండూ బయలుదేరింది మన శ్రీహరికోట నుంచే. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ దీవి, ఎన్నో దేశాల విద్యార్థులు రాత్రీ పగలూ కూర్చుని కట్టిన ఉపగ్రహాలకు ప్రయాణ ద్వారమైందన్న సంగతి మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 2008 ఏప్రిల్ 28న ఇస్రో రాకెట్టు పీఎస్‌ఎల్‌వీ-సీ9 తీసుకుపోయిన 10 ఉపగ్రహాల్లో ఆల్‌బోర్గ్‌తో పాటు డెల్ఫ్ట్, ఆఖెన్, టొరంటో, టోక్యో విద్యార్థుల పనితనం ఉంది. 2009 సెప్టెంబరు 23న పీఎస్‌ఎల్‌వీ-సీ14 మీద లోసాన్ నుంచి స్విస్‌క్యూబ్, బెర్లిన్, వుర్ట్స్‌బర్గ్, ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయాల ఉపగ్రహాలు వెళ్లాయి. స్విస్‌క్యూబ్ కక్ష్యలో అనుకున్నదానికన్నా చాలా వేగంగా గిరగిరా తిరిగింది. అది నెమ్మదించేదాకా బృందం ఏడాదికి పైగా ఓపిక పట్టి, 2011లో దానితో ఫొటో తీయించింది.

వీటన్నిటిలో నా తరగతిలో ఎక్కువసేపు చర్చకు వచ్చేది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి డెల్ఫీ-సీ3. మూడు ఘనాలను వరుసగా పేర్చినంత పొడవున్న ఈ ఉపగ్రహానికి బ్యాటరీ లేదు. పల్చటి పొర సౌర ఫలకాలనూ, తీగలు లేని సూర్య సంవేదకాన్నీ (సెన్సరునూ) అంతరిక్షంలో పరీక్షించడం దాని ఉద్దేశం. రెండు పనులూ ఎండలోనే జరగాలి కనుక నీడలో మేలుకుని ఉండవలసిన అవసరమే లేదని ఆ విద్యార్థులు తేల్చుకున్నారు. బ్యాటరీ పోవడంతో దాని బరువు, దాన్ని చలికి కాపాడే ఏర్పాటు, ఛార్జింగ్ వలయం, వీటన్నిటి పరీక్షలు ఒక్కసారిగా పోయాయి. అంతకంటే విలువైన లాభం మరొకటి ఉంది. భూమి నీడలోకి వెళ్లిన ప్రతిసారీ ఉపగ్రహం పూర్తిగా ఆగిపోయి, ఎండ తగలగానే మళ్లీ మొదటి నుంచి మేలుకుంటుంది. రేడియేషన్ తాకిడికి కంప్యూటరు ఎక్కడైనా చిక్కుకుపోయినా, సుమారు గంటన్నరలో దానంతటదే సరికొత్తగా మొదలయ్యే అవకాశం అలా దొరికింది. 2008లో వెళ్లిన ఆ ఉపగ్రహం 2023 నవంబరులో వాతావరణంలో కాలిపోయేదాకా కక్ష్యలో ఉంది. ఏమి చేర్చాలి అన్న ప్రశ్నతో ప్రతి జట్టూ వస్తుంది. ఏమి తీసివేయగలం అని అడిగే జట్టు కోసం నేను ఎదురుచూస్తుంటాను.

మన దేశంలో అన్నా విశ్వవిద్యాలయపు అనుశాట్ 2009 ఏప్రిల్ 20న పీఎస్‌ఎల్‌వీ-సీ12 మీద వెళ్లింది. దాని బరువు 40 కిలోగ్రాములు. మరుసటి ఏడాది జూలై 12న వెళ్లిన స్టడ్‌శాట్ బరువు కిలోగ్రాములోపే. ఏడు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు కలిసి దాన్ని కట్టారు. బెంగళూరులోని నిట్టే మీనాక్షి కళాశాల ముందుండి నడిపిన ఆ బృందంలో హైదరాబాదు నుంచి చైతన్య భారతి, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ ఇంజనీరింగ్, విజ్ఞాన్ కళాశాలల విద్యార్థులు ఉన్నారు. రెండు నగరాల్లో, ఏడు ప్రాంగణాల్లో ఉన్న బీటెక్ విద్యార్థులు ఒకే పెట్టెలో సరిపోయే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పలకలను విడివిడిగా తయారుచేసి కలపడం ఎంత కష్టమో, ఒకే గదిలో ఆరు జట్లను సమన్వయం చేయడానికి తంటాలు పడే నాకు బాగా తెలుసు. నేను స్టడ్‌శాట్ పేరు తరగతిలో తరచుగా తలచుకోవడానికి కారణం అదే.

కాలం విషయంలో మాత్రం ట్విగ్స్ కోరుకున్నది మన దగ్గర అంత సులువుగా నెరవేరలేదు. ఐఐటీ బొంబాయి విద్యార్థుల ప్రథమ్ 2007లో మొదలై 2016 సెప్టెంబరు 26న కక్ష్యకు చేరింది. పుణె ఇంజనీరింగ్ కళాశాల వారి స్వయం 2008లో మొదలై 2016 జూన్ 22న చేరింది. బీటెక్ నాలుగేళ్లే కనుక మొదటి బొమ్మ గీసినవారికీ ప్రయోగం చూసినవారికీ నడుమ కనీసం ఒక తరం విద్యార్థులు పూర్తిగా మారిపోయి ఉంటారు. అంతకాలం ఆ పని చెదిరిపోకుండా నిలిచిందంటే, వెళ్లేవారు వచ్చేవారికి అర్థమయ్యేలా రాసిపెట్టి వెళ్లబట్టే. స్వయం బృందం ఎంచుకున్న ఉపాయం కూడా ముచ్చటైనది: ఉపగ్రహాన్ని తిప్పి నిలబెట్టడానికి విద్యుత్తు వాడకుండా, లోపల అయస్కాంతాన్ని అమర్చి, దిక్సూచిలా భూమి అయస్కాంత క్షేత్రం వెంట అదే సర్దుకునేలా చేశారు.

ఇక మా తరగతి గదిలోకి వస్తాను. మొదటి రెండు వారాలు అందరూ ఉత్సాహంగా ఉంటారు, ఎందుకంటే ఎవరి లెక్కా ఇంకా ఎవరికీ అడ్డు రాదు. మూడో వారంలో విద్యుత్తు లెక్క బల్ల మీదికి వస్తుంది. పది సెంటీమీటర్ల ముఖం మీద ఒక్కోటి సుమారు 30 చదరపు సెంటీమీటర్ల సౌర ఘటాలు రెండు పడతాయి. అంతరిక్షంలో చదరపు మీటరుకు 1361 వాట్ల ఎండ పడుతుంది; మంచి ఘటం అందులో 30 శాతం దాకా విద్యుత్తుగా మారుస్తుంది. అంటే సూర్యుడికి ఎదురుగా ఉన్న ముఖం మహా అయితే 2.4 వాట్లు ఇస్తుంది. 500 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు దాదాపు 95 నిమిషాలు పడితే, అందులో 35 నిమిషాల వరకు నీడ. వంపులు, నష్టాలు అన్నీ పోను కక్ష్య మొత్తం మీద సగటున 1.5 నుంచి 2 వాట్లు మిగులుతాయి. మన ఇళ్లలో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు కావలసినదానిలో అది పావు వంతు కూడా కాదు. ఆ పావు వంతులోనే కంప్యూటరు నడవాలి, రేడియో వినాలి, అప్పుడప్పుడు మాట్లాడాలి, బ్యాటరీ చలికి బిగుసుకుపోకుండా చూడాలి, ఆపైన కెమెరా.

కెమెరా ఎప్పుడూ ఉంటుంది. ఏ బ్యాచ్‌ను అడిగినా భూమిని ఫొటో తీయాలనే అంటారు. పేలోడ్ (ఉపగ్రహం మోసుకెళ్లే అసలు పరికరం) జట్టులోని ఒక అమ్మాయి ఒకసారి పట్టుదలగా “ఫొటో లేకపోతే మన ఉపగ్రహం పనిచేసిందని ఇంట్లోవాళ్లకు ఏం చూపిస్తాం మేడమ్” అంది. ఆ కోరిక నాకూ నచ్చింది. సమాచార జట్టులోని అబ్బాయి మాత్రం మారు మాట్లాడకుండా బోర్డు దగ్గరకు వెళ్లి లెక్క వేశాడు. 640 అడ్డు 480 నిలువు బిందువుల ఫొటోకు, బిందువుకు ఒక బైటు చొప్పున 3,07,200 బైట్లు, అంటే 24,57,600 బిట్లు. వాళ్లు ఎంచుకున్న రేడియో సెకనుకు 1200 బిట్లు పంపుతుంది. ఆగకుండా పంపినా 2048 సెకన్లు, అంటే 34 నిమిషాలు. ఉపగ్రహం మన తల మీదుగా పోయే ఒక్కో పాస్‌లో నికరంగా పనికొచ్చేది 8 నిమిషాలు. రోజుకు అలాంటి మంచి పాస్‌లు రెండో మూడో. ఒక్క ఫొటో దిగడానికి రెండు రోజులు పడుతుంది, అదీ మధ్యలో ఒక్క ప్యాకెట్టు కూడా పోకుండా ఉంటే. పంపినంతసేపూ 1 వాటు రేడియో సంకేతం కోసం బ్యాటరీ నుంచి సుమారు 3 వాట్లు లాగాలి కనుక విద్యుత్తు జట్టు కూడా లేచి నిలబడింది.

ఆ పూట తరగతి అయిపోయినా ఎవరూ వెళ్లలేదు. సెకనుకు 9600 బిట్ల రేడియో తీసుకుంటే వేగం ఎనిమిది రెట్లు పెరుగుతుందని ఒకరు అంటే, అంత వేగానికి భూమి మీద అందవలసిన సంకేతం కూడా ఆ మేరకు బలంగా ఉండాలి, దానికి మన యాంటెన్నా సరిపోతుందా అని మరొకరు అడిగారు. చివరకు ఫొటో అడగ్గానే పూర్తి బొమ్మ పంపకుండా, ముందు 64 అడ్డు 48 నిలువు బిందువుల చిన్న నకలు పంపాలని పేలోడ్ జట్టే ప్రతిపాదించింది. దానికి 21 సెకన్లు చాలు. అందులో మేఘాలు తప్ప మరేమీ కనిపించకపోతే ఆ ఫొటోను అక్కడికక్కడే చెరిపేయమని ఆదేశం పంపవచ్చు. బాగుంటేనే పూర్తిది దించుకోవచ్చు. ఈ పరిష్కారం ఏ పాఠంలోనూ నేను చెప్పలేదు. మూడు జట్లు ఒకరి అంకెలను ఒకరు చదవబట్టి అది పుట్టింది.

దూరం లెక్క కూడా ఇలాగే కళ్లు తెరిపిస్తుంది. 500 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు 500 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది కానీ, దిగంతానికి 10 డిగ్రీల పైన కనిపిస్తున్నప్పుడు 1700 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సంకేతం అప్పటికి పదకొండు రెట్లకు పైగా బలహీనపడుతుంది. పైగా అది సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంది కనుక 437 మెగాహెర్ట్జ్ దగ్గర డాప్లర్ ప్రభావం వల్ల పౌనఃపున్యం దాదాపు 10 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో రైలు కూత ఉదాహరణతో చదువుకున్న డాప్లర్ సూత్రాన్ని ఇక్కడ రిసీవరు ట్యూనింగులో ఉపయోగించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

జట్ల మధ్య ఒప్పందం ఎంత సూక్ష్మంగా ఉండాలో చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇంకొకటి ఉంది. చాలా క్యూబ్‌శాట్‌లలో పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, 52 పిన్నులున్న రెండు కనెక్టర్ల ద్వారా, అంటే మొత్తం 104 పిన్నులతో కలుపుతారు. ఏ పిన్ను మీద ఏ వోల్టేజీ వస్తుంది, ఏ పిన్ను భూమి (గ్రౌండ్), ఏ పిన్ను సమాచారానికి అన్న పట్టికను విద్యుత్తు జట్టు, కంప్యూటరు జట్టు కలిసి కూర్చుని తయారు చేశాయి, రెండూ సంతకం పెట్టాయి. పట్టికలో తప్పు లేదు. కానీ విద్యుత్తు జట్టు తన పలకను పైనుంచి చూస్తున్నట్టు గీసింది, కంప్యూటరు జట్టు తన పలకను అడుగు నుంచి చూస్తున్నట్టు గీసింది. రెండు బొమ్మలూ విడివిడిగా చూస్తే నిక్షేపంగా ఉన్నాయి. ఒక మెకానికల్ విద్యార్థి రెండు ప్రింట్లనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ట్యూబులైటు వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూశాడు. ఒకదానిలో 5 వోల్టులు వచ్చే పిన్ను, రెండోదానిలో భూమి పిన్ను సరిగ్గా ఒకే చోట పడ్డాయి. పలకలు తయారై వచ్చి, స్విచ్చి వేశాక ఆ సంగతి తెలిసి ఉంటే ఏమయ్యేదో వాళ్లకు నేను చెప్పనక్కరలేకపోయింది. ఆ రోజు నుంచి ప్రతి బొమ్మ పక్కనా ఏ వైపు నుంచి చూస్తున్నామో బాణం గుర్తుతో చూపాలన్న నియమాన్ని విద్యార్థులే పెట్టుకున్నారు. తరువాతి బ్యాచ్‌లు కూడా దాన్ని పాటిస్తున్నాయి.

రాతకు ఇంత విలువ ఉంది కనుకనే మార్కులు వేసే పద్ధతిని కూడా నేను దానికి తగ్గట్టే పెట్టుకున్నాను. సగం సెమిస్టరు గడిచాక ప్రతి జట్టు నుంచీ ఒకరిని పక్క జట్టుకు మారుస్తాను. కొత్త జట్టులోకి వెళ్లినవారు మొదటి వారం ఎవరినీ ఏమీ అడగకుండా, అక్కడి పత్రాలు చదివి పని అందుకోవాలి. వారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ పాత జట్టుకు మార్కులు తగ్గుతాయి, వెళ్లినవారికి తగ్గవు. మొదట్లో దీనికి విద్యార్థులు గట్టిగానే అభ్యంతరం చెబుతారు. కానీ చివరి సంవత్సరంలో ప్లేస్‌మెంట్ల హడావిడి మొదలైనప్పుడు, ఇంటర్న్‌షిప్‌లకు సగం మంది వెళ్లిపోయినప్పుడు, నిజమైన ఉపగ్రహ బృందం ఎదుర్కొనేది సరిగ్గా ఇదే.

నన్ను కలవరపెట్టే విషయాలు రెండు ఉన్నాయి. చివరి సంవత్సరపు ప్రాజెక్టును నివేదికతో సహా డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు మన ప్రాంతంలో ఎంతగా పాతుకుపోయిందో ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. కొన్న ప్రాజెక్టు ఎప్పుడూ ఒంటరిది; దానికి పక్క జట్టు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన అవసరం ఉండదు. ఇక్కడ ఆ వీలు లేదు, ఎందుకంటే ఒక జట్టు తన రేడియో కరెంటును 20 మిల్లీఆంపియర్లు పెంచితే మరో జట్టు తన పట్టికను తిరగరాయాలి, కారణం ఏమిటని అడగాలి. రెండవది, జట్లు తమంతట తాము పని పంచుకున్నప్పుడు అమ్మాయిలకు నివేదిక, పీపీటీ, అబ్బాయిలకు సోల్డరింగ్, పరీక్షలు అన్న విభజన ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది. నేను దాన్ని ఒప్పుకోను. ప్రతి విద్యార్థీ కనీసం ఒక వలయాన్ని తన చేత్తో కట్టాలి, కనీసం ఒక అధ్యాయాన్ని తన మాటల్లో రాయాలి. తిరువనంతపురంలోని ఎల్‌బీఎస్ మహిళా ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థినులు కట్టిన వీశాట్ 2024 జనవరి 1న పీఎస్‌ఎల్‌వీ-సీ58 మీద వెళ్లిన సంగతి మా తరగతి గోడ మీద రాసి ఉంటుంది.

చేత్తో కట్టే పనుల్లో అందరూ ఇష్టపడేది యాంటెన్నా. 437 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 17 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల పెట్టెకు 17 సెంటీమీటర్ల కడ్డీలు ప్రయోగ సమయంలో బయటికి ఉండకూడదు, కక్ష్యలో మాత్రం చాచుకోవాలి. ప్రపంచమంతటా విద్యార్థులు దీనికి వాడింది వడ్రంగులు కొలతకు వాడే స్టీలు టేపునే. మడిస్తే మడుస్తుంది, వదిలితే తనంతట తాను నిటారుగా లేస్తుంది. కొనల దగ్గర పసుపు రంగును ఉప్పు కాగితంతో పూర్తిగా రుద్దేయకపోతే సోల్డరు అంటదు. ఆ ముక్కలను పెట్టె చుట్టూ చుట్టి, గాలం వేసేందుకు వాడే నైలాన్ దారంతో బిగించి కట్టి, దారాన్ని ఒక చిన్న రెసిస్టరుకు ఆనిస్తారు. ఉపగ్రహం కక్ష్యలోకి విడిపోయాక ప్రమాణం ప్రకారం 30 నిమిషాలు ఆగి, రెసిస్టరులోకి కరెంటు పంపితే అది వేడెక్కి దారం తెగుతుంది, యాంటెన్నా విచ్చుకుంటుంది. రేడియో నోరు విప్పడానికి 45 నిమిషాల దాకా ఆగాలి. ప్రయోగశాల బల్ల మీద ఇది ప్రతిసారీ పనిచేసింది. క్యాంటీన్‌లో ఐస్‌క్రీములు ఉంచే డీప్ ఫ్రీజరులో ఒక రాత్రంతా పెట్టి చూస్తే, దారం తెగడానికి చాలా ఎక్కువసేపు పట్టింది. అంతసేపు కరెంటు పంపాలని కంప్యూటరు జట్టు రాసిన ప్రోగ్రాములో లేదు. మళ్లీ ఒప్పంద పత్రం తెరిచారు. ఒకే రెసిస్టరు మీద ఆధారపడకుండా రెండు పెట్టారు, యాంటెన్నా నిజంగా విచ్చుకుందో లేదో చెప్పే చిన్న స్విచ్చి చేర్చారు, విచ్చుకోకపోతే ప్రతి చుట్టులోనూ మళ్లీ ప్రయత్నించాలని రాసుకున్నారు.

ప్రయోగం సంగతి ఏమిటన్న మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. కక్ష్య వరకు వెళ్లాలనుకునే కళాశాలకు సొంత ఉపగ్రహం ఒక్కటే దారి కాదు. పీఎస్‌ఎల్‌వీ చివరి దశను వృథాగా వదలకుండా ప్రయోగ వేదికగా మార్చి ఇస్రో వాడుతున్న పోయెమ్ మీద విద్యార్థుల పరికరాలు ఇప్పటికే వెళ్లాయి. పైన చెప్పిన వీశాట్ వెళ్లింది కూడా అలాగే. అక్కడ విద్యుత్తు, దిశ నిలుపుదల వేదికే చూసుకుంటుంది కనుక విద్యార్థులు తమ పరికరం మీదే మనసు పెట్టవచ్చు. అంతకన్నా ముందు మెట్టు క్యాన్‌శాట్: 350 మిల్లీలీటర్ల శీతల పానీయపు డబ్బాలో సంవేదకాలు, రేడియో, పారాచూట్ అమర్చి చిన్న రాకెట్టుతో పైకి పంపి దించడం. ఇది కూడా ట్విగ్స్ ఆలోచనే. ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని ప్రోత్సహించే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి మన విద్యార్థులకు ఈ పోటీ నిర్వహిస్తున్నాయి. నేరుగా ఉపగ్రహానికి ఎగబాకేకన్నా ఈ మెట్లు ఎక్కడమే మంచిదని నా గట్టి నమ్మకం. తొలిసారి కట్టే బృందం తన ఉపగ్రహానికి పెట్టుకోవలసిన లక్ష్యం కూడా చిన్నదే ఉండాలి: బతికి ఉన్నానని చెప్పాలి, తన బ్యాటరీ వోల్టేజీ, తన ఉష్ణోగ్రత పంపాలి, ఒక ఆదేశం విని పాటించాలి. ఫొటో ఆ తరువాత.

ఈసారి కోర్సు క్రమాన్ని కొంత మారుస్తున్నాను. రూపకల్పనకు ముందే భూకేంద్రం, అంటే నేల మీద నుంచి ఉపగ్రహాలతో మాట్లాడే కేంద్రం, పని మొదలుపెడతాం. ఎవరైనా కట్టుకోగలిగేలా నమూనాలు బహిరంగంగా ఇచ్చిన శాట్‌నాగ్స్ అనే అంతర్జాతీయ వ్యవస్థ ఉంది. దాని ప్రకారం ఒక యాంటెన్నా, చౌకగా దొరికే యూఎస్‌బీ రిసీవరు, చిన్న కంప్యూటరు ఉంటే ఇతర విశ్వవిద్యాలయాల ఉపగ్రహాల సంకేతాలను మన కళాశాల మేడ మీద నుంచే వినవచ్చు. వినడం కుదిరాక, మాట్లాడే హక్కు కోసం నలుగురైదుగురు విద్యార్థులతో అమెచ్యూర్ రేడియో లైసెన్సు పరీక్ష రాయిస్తాను. ఆ పరీక్షకు కావలసిన రేడియో సిద్ధాంతం నేర్పగల హ్యామ్‌లు (అమెచ్యూర్ రేడియో ఔత్సాహికులు) గుంటూరు, విజయవాడ పరిసరాల్లో ఎవరైనా ఉంటే శనివారం మధ్యాహ్నాలు మా ప్రయోగశాలకు రావలసిందిగా కోరుతున్నాను. మేడ మీద యాంటెన్నా స్తంభం కోసం ఉత్తర దిక్కున నీళ్ల ట్యాంకు అడ్డం రాని మూల ఒకటి ఇప్పటికే చూసి పెట్టాం. విద్యుత్తు జట్టు అక్కడికి తీగ లాగే పని మొదలుపెట్టింది.